భాగస్వాములా? కూలీలా?

సాంఘిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పార్లమెంటు దాని నామోదించినది 2020లో. ఐదేండ్లు అది కాగితముమీదనే నిద్రించినది. యాప్‌లమూలమున అన్నపు పొట్లములను, అంగడిసరకులను ఇంటింటికి చేరవేయువారును, అద్దెకార్లను, ఆటోలను నడపువారును ఈ స్మృతితోనే కేంద్రశాసనమున మొదటిసారిగా పేరెక్కిరి. ఇందులకు మేము సంతసించుచున్నాము. కాని చట్టమున పేరెక్కినంతమాత్రమున కడుపు నిండునా?

ఇది కొద్దిమంది గోడు కాదు. యాప్‌లపైనను, తత్సమానమైన విడివిడి పనులపైనను జీవించువారు 2020–21 నాటికి 77 లక్షలమంది యుండిరనియు, 2029–30 నాటికి 2 కోట్ల 35 లక్షలు కాగలరనియు నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసినది. పల్లెలో సేద్యము గిట్టక, పట్టణమున కొలువు దొరకక, వాయిదాలమీద మోటారుసైకిలు కొనుక్కొని హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల వీథులలో పరుగెత్తు యువకులు వీరిలో నెందరో కలరు.

కంపెనీలు వీరిని కూలీలనవు, ‘భాగస్వాము’లని పిలుచును. భాగస్వామి యనగా మన వాడుకలో లాభనష్టములను పంచుకొనువాడు, లెక్క చూపుమని నిలదీయగలవాడు. ఈ భాగస్వామి స్థితి యెట్టిది? బండి యితనిది, పెట్రోలు ఇతనిది, ఫోను ఇతనిది, ఎండయు వానయు ఇతనివే. రేటు నిర్ణయించుట మాత్రము కంపెనీ వంతు. నిన్నటి రేటు నేడేల తగ్గినదో చెప్పు దిక్కులేదు. హోటలు ముంగిట ముప్పావుగంట నిలిచినను ఆ నిలుపునకు కూలి లేదు. ఒకనాటి యుదయమున ఫోను తెరచుసరికి ఐడీ బ్లాక్ అయి యుండును. యేమి నేరము చేసితినని అడుగబోయిన యంత్రము పంపు జవాబే ప్రత్యుత్తరము. మిల్లులోని మేస్త్రీ యెంత కఠినుడైనను మనుష్యుడు. బతిమాలుటకైనను, ఎదిరించుటకైనను అతనికొక ముఖ ముండెను. ఈ క్రొత్త మేస్త్రీకి ముఖమే లేదు.

“ఇష్టమైనప్పుడు పనిచేయవచ్చును, లేనినాడు మానవచ్చును, ఇంతటి స్వేచ్ఛ యే కొలువున గలదు?” అని కంపెనీల పక్షమువా రందురు. ఈ వాదము బొత్తిగా అసత్యము కాదు. చదువుకొనుచు సాయంకాలము రెండుగంటలు పనిచేయు విద్యార్థికి ఈ సౌకర్యము మేలే. కాని సంసారము నీడ్చుటకు పగలురేయి పరుగెత్తువానికి వాయిదా సొమ్మును, ఇంటి అద్దెయు నెత్తిపై నుండగా మానుకొను స్వేచ్ఛ ఎక్కడిది? ఇట్టి వాదమునే ఊబరు కంపెనీ బ్రిటనులో చేసినది. ఆ దేశపు సుప్రీముకోర్టు 2021 ఫిబ్రవరి 19వ తేదీన దానిని తోసిపుచ్చినది. బాడుగ నిర్ణయించునది కంపెనీ, షరతులు వ్రాయునది కంపెనీ, సవారీలను నిరాకరించినవారిని అదుపులో పెట్టునది కంపెనీ. కావున డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారు, కార్మికులే యని తీర్పు చెప్పినది. యాప్ తెరచి సవారీకి సిద్ధముగా నున్న కాలము సైతము పనికాలమే యనినది.

మన స్మృతి అంతదూరము పోలేదు. కంపెనీలు తమ వార్షికవ్యాపారమున నూటికి ఒకటినుండి రెండువరకు, ఈ పనివారికి చెల్లించు మొత్తమున నూటికి ఐదుకు మించకుండ, నిధికి చెల్లింపవలెను. ప్రమాదము, రోగము, వార్ధక్యము కలిగినపుడు దానినుండి సాయము. మంచిదే. కాని బ్రతికియుండి పనిచేయు దినమున కనీసవేతన మేది? ఆ హక్కు వీరికి లేదు.

రాష్ట్రములలో రాజస్థానము 2023లో ముందడుగు వేసినది. కర్ణాటకము 2025లో చేసిన చట్టమున, కారణమును వ్రాతమూలముగా తెలిపి 14 దినములు ముందుగా నోటీసు ఇయ్యనిదే పనినుండి తొలగింపరాదని విధించినది. తెలంగాణ ప్రభుత్వము 2025 ఏప్రిలులో ముసాయిదా ప్రకటించినది. రెండు తెలుగు రాష్ట్రములును నాలుగు విషయములు తప్పక అమలుజరుపవలెనని మా అభిప్రాయము. పెట్రోలు ఖర్చు పోగా గంటకు కనీసపు కూలి నిర్ణయించి, నిరీక్షించు కాలమును అందు చేర్చవలెను. మనుష్యుడైన అధికారి విచారింపనిదే ఐడీ నిలుపరాదు. దారిలో దెబ్బతిన్నవానికి కంపెనీయే పరిహార మీయవలెను. సంక్షేమ బోర్డులో పనివారి సంఘములకు కంపెనీలతో సమానముగా స్థానము లుండవలెను.

1918లో చెన్నపట్టణమున వాడియా ప్రభృతులు మద్రాసు లేబరు యూనియను స్థాపించిన పిమ్మట మిల్లు యజమానులు న్యాయస్థానమున కెక్కి సంఘనాయకులపై నిషేధాజ్ఞ తెచ్చిరి. అయినను 1926లో కార్మికసంఘముల చట్టము రాక తప్పలేదు. 2025 డిసెంబరు 31వ తేదీన, వ్యాపారము ముమ్మరముగా సాగు దినముననే, చేరవేతపనివారు దేశమున పలుతావుల సమ్మెకు దిగిరి. వారును ఆ మార్గముననే నడచుచున్నారు.

తుదకు మన పట్టణవాసులకొక మాట. పది నిమిషములలో పాలపొట్లము రావలెనని కోరినది కంపెనీ యొక్కటియే కాదు. గడియారము చూచుచు ఇంట కూర్చున్న మనమును కోరితిమి. ఆ తొందరవలన మనకు మిగులునది నాలుగు నిమిషములు. కూడలిలో ఎఱ్ఱదీపము దాటి దూసుకొనిపోవు యువకుడు ఒడ్డునది ప్రాణము. ఈ లెక్క సరిచూచుకొనుట ప్రభుత్వమునకెంత విధియో మనకును అంతే విధి.