ఫోటో కింద ఒక ప్రశ్న రాయండి

ఖరగ్‌పూర్‌లో రైలు దిగిన కొత్తవాళ్లు చాలామంది ముందుగా ప్లాట్‌ఫాం ఫోటో తీస్తారు. 1072.5 మీటర్ల పొడవున్న ఈ ప్లాట్‌ఫాంకు చాలా ఏళ్లు ప్రపంచంలోనే అతి పొడవైనదన్న పేరుండేది. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో దాన్ని దాటింది. 2023లో హుబ్బళ్లి 1507 మీటర్లతో గోరఖ్‌పూర్‌ను దాటింది. అయినా ఇక్కడ తీసిన ఫోటోల కింద 'ప్రపంచంలోనే అతి పొడవైన ప్లాట్‌ఫాం' అన్న మాట ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

రికార్డులతో చిక్కే ఇది. ఎప్పటికో ఒకప్పటికి పాతబడతాయి. పాతబడకముందు కూడా చూసినవాళ్ల చేత 'అబ్బో' అనిపిస్తాయి, అంతే. ఆ తర్వాత చేయడానికి ఏమీ ఉండదు. మన సైన్స్ ఫోటో ప్రదర్శనల్లో ఎక్కువ భాగం ఇలా 'అబ్బో' దగ్గరే ఆగిపోతున్నాయన్నది నా ఫిర్యాదు. మంచి ఫోటో చూసినవాళ్లు ఇంకో ఫోటో కోసం వెతకాలి, లేదా బయటికి వెళ్లి ఏదో ఒకటి కొలిచి చూడాలి. ఆ పని చేయించేది కెమెరా ధర కాదు. ఫోటో కింద మనం రాసే రెండు వాక్యాలు, పక్కన పెట్టే ఇంకో ఫోటో.

అదే ప్లాట్‌ఫాం ఫోటో కింద రికార్డు బదులు ఇలా రాసి చూడండి: 'ఈ చివర ఇంజన్ హారన్ మోగితే ఆ చివర నిలబడ్డవాళ్లకు ఎంతసేపటికి వినిపిస్తుంది?' గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. అంటే మూడు సెకన్ల పైచిలుకు. లెక్క చిన్నదే, కానీ దాంతో చూసేవారి చేతికి ఒక కొలబద్ద వచ్చింది. ఇప్పుడు పక్కన కాలబైశాఖి మెరుపు ఫోటో పెట్టండి. వేసవి సాయంత్రాల్లో బెంగాల్ మీద విరుచుకుపడే ఈ గాలివానలు ఖరగ్‌పూర్ వాసులకు బాగా తెలిసినవే. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేలోపు ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టి మూడుతో భాగిస్తే, పిడుగు దాదాపు ఎన్ని 'ప్లాట్‌ఫాంల' దూరంలో ఉందో తెలుస్తుంది. ఉరుము వినిపించేంత దగ్గరలో ఉన్నామంటే ఇంట్లోకి వెళ్లాల్సిందేనన్న హెచ్చరిక కూడా అక్కడే చెప్పవచ్చు.

మూడో ఫోటో చంద్రుడిది. ప్లాట్‌ఫాం అవతలి చివర ఏ ఎత్తున్న కట్టడం మన కంటికి చంద్రుడంత కనిపిస్తుంది? చంద్రబింబం ఆకాశంలో దాదాపు అర డిగ్రీ ఉంటుంది. 1072 మీటర్ల దూరంలో అర డిగ్రీ అంటే సుమారు 9 మీటర్లు, అంటే మూడంతస్తుల ఇంటి ఎత్తు. స్టేషన్ నుంచి మొదలుపెట్టిన మనిషి మూడు ఫోటోల్లో చంద్రుడి దాకా వెళ్లాడు. ఒక ఫోటోలో దొరికిన జవాబే తర్వాతి ఫోటోకు పనిముట్టు కావడంలోనే కిటుకంతా ఉంది.

ఇలా ఉపయోగపడాలంటే ఫోటోతో పాటు కొన్ని వివరాలు ఉండాలి. తేదీ, సమయం, కెమెరా చూస్తున్న దిక్కు, పొడవు తెలిసిన ఒక వస్తువు, ఎక్స్‌పోజర్ సమయం. రైల్వే ఊళ్లో కొలబద్దకు కొదవ లేదు. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. కదులుతున్న రైలు ఫోటోలో చెదిరిపోయినట్టు వస్తే, బాగా రాలేదని చెరిపేస్తాం. అందులో వేగం దాగి ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు సెకనులో ముప్పయ్యో వంతులో దాదాపు 55 సెంటీమీటర్లు జరుగుతుంది. రైలుకు అడ్డంగా నిలబడి తీసిన ఫోటోలో ఆ చెదిరిన మేర ఎంతో పెట్టె పొడవుతో పోల్చి కొలిస్తే, వేగం లెక్క కట్టవచ్చు. ఎక్స్‌పోజర్ సమయాన్ని ఫోన్ సాధారణంగా తనే నమోదు చేస్తుంది. ఇదంతా ప్లాట్‌ఫాం మీద, గీతకు ఇవతల నిలబడి చేయగలిగిన పనే. పట్టాల మీదికి దిగడం, పెట్టెల పైకి ఎక్కడం ఎంత మంచి ఫోటో కోసమైనా కూడదు. పైన తీగల్లో ఉన్నది 25,000 వోల్టులు.

మామూలు మనుషులకు ఇంత ఓపిక ఉంటుందా అని అడిగేవాళ్లున్నారు. 2007లో గెలాక్సీ జూ అనే ప్రాజెక్టు లక్షలాది గెలాక్సీల ఫోటోలను జనం ముందు పెట్టి ఒక చిన్న ప్రశ్న అడిగింది: దీని ఆకారం ఏమిటి? వాటిని చూస్తున్న హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ బడి పంతులమ్మ ఒక గెలాక్సీ పక్కన వింత మరకను గమనించి, ఇదేమిటని తిరిగి అడిగింది. అది అంతకుముందు ఎవరికీ తెలియని భారీ వాయుమేఘం. పక్క గెలాక్సీ కేంద్రం నుంచి వెలువడిన వికిరణమే దాన్ని వెలిగించిందని ఖగోళ శాస్త్రవేత్తలు తేల్చారు. అదే ఫోటోను 'విశ్వంలోని అందాలు' అన్న శీర్షికతో గోడకు తగిలించి ఉంటే ఆమె కూడా చూసి ముందుకు సాగిపోయేదేమో.

ఫోటో అందంగా ఉంటే చాలదా, రాతలతో నింపితే చూసే ఆనందం పోదా అన్న అభ్యంతరంలో నిజం ఉంది. అందుకే ఫోటోకు ఒక్క ప్రశ్నే ఉండాలి, రెండు వాక్యాలు మించకూడదు. జవాబు ఆ ఫోటో కింద కాక తర్వాతి ఫోటో దగ్గర దొరకాలి. అందం కోసం వచ్చినవాళ్లు అందం చూసి వెళ్తారు. జవాబు కావాలనుకున్నవాళ్లు నాలుగడుగులు వేస్తారు.

చరిత్రకూ ఇది వర్తిస్తుంది. ఇదే ఊళ్లోని హిజ్లీ భవనం ఒకప్పుడు నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న పోలీసులు అక్కడ కాల్పులు జరిపి ఇద్దరు ఖైదీలను బలిగొన్నారు. 1950లో మన దేశపు మొదటి ఐఐటీ ఆ భవనంలోనే మొదలైంది. ఇప్పుడక్కడ నెహ్రూ సైన్స్ అండ్ టెక్నాలజీ మ్యూజియం ఉంది. ఆ భవనం పాత ఫోటో దొరికితే దాన్ని ఎక్కడ నిలబడి తీశారో కనుక్కోవచ్చు. ఫోటోలో భవనం మూల, దాని వెనకున్న మరో గోడ అంచు ఒకే వరుసలో కనిపిస్తే, కెమెరా ఆ రెండింటినీ కలిపే గీత మీదే ఎక్కడో ఉండాలి. అలాంటి మరో జంట దొరికితే రెండో గీత వస్తుంది. రెండు గీతలు కలిసేది కెమెరా ఉన్న చోటే. అక్కడ నిలబడి ఇవాళ్టి ఫోటో తీసి పాతదాని పక్కన పెడితే, ఏం మారిందన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది.

ఈ మాట ఖరగ్‌పూర్ తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాలనుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర నుంచి వచ్చి వర్క్‌షాపులో, లైన్ మీద పనిచేసిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ల ఆల్బముల్లో ఆవిరి ఇంజన్ల ముందు నిలబడ్డ తాతయ్యలు, క్వార్టర్ల ముందు ముగ్గులేస్తున్న అమ్మమ్మలు ఉంటారు. చాలా ఫోటోల వెనక ఏమీ రాసి ఉండదు. ఆ ఇంజన్ ఏదో, ఏ సంవత్సరమో చెప్పగలవారు ఇప్పుడు ఎనభయ్యో పడిలో ఉన్నారు. వాళ్లు చెప్పకుండా పోతే ఆ ఫోటో మూగదైపోతుంది. తర్వాత ఎంత ఖరీదైన స్కానర్ తెచ్చినా దానికి మాటలు రావు.

కాబట్టి ఈ ఆదివారం ఆల్బం తీయండి. ఒక ఫోటో వెనక తేదీ, చోటు, దిక్కు, మనుషుల పేర్లు పెన్సిల్‌తో రాయండి. తర్వాత పిల్లల చేతికిచ్చి ఒక్క ప్రశ్న అడగండి: 'నీడ ఇటు పడింది కదా, ఇది పొద్దున తీసిందా, సాయంత్రం తీసిందా?'