బొగ్గుట్టకు ఎవరు జవాబు చెప్తారు?

బొగ్గు ఆపాలి అనేవాళ్లతో నాకు పేచీ లేదు. ఆపాల్సిందే. రామగుండం ఎండాకాలం చూసినవాళ్లెవరూ కాదనరు. నా కోపం, ఆపడమంటే గేటుకు తాళం వేయడమే అనుకునేవాళ్ల మీద. ఇంకో వందేళ్లు బొగ్గుకు ఢోకా లేదని కార్మికుల్ని నమ్మించే నాయకుల మీద అంతకు రెట్టింపు.

2070కి నెట్ జీరో, అంటే నికర కర్బన ఉద్గారాలు సున్నా అని 2021లో గ్లాస్గోలో ప్రధాని ప్రకటించారు. ఆ మాటకు తమ బతుకులో అర్థమేమిటో మందమర్రిలో, శ్రీరాంపూర్‌లో బాయి దిగేవాళ్లకు ఎవరు చెప్పారు? 1990ల మొదట్లో సింగరేణి బొగ్గు సంస్థలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు దాదాపు 40 వేలు. మరి బొగ్గు తగ్గిందా? 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు! భూగర్భ గనులు మూసి ఓపెన్‌కాస్టులు తవ్వారు, మట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతిలో పెట్టారు. కార్మికుల పొట్ట కొట్టింది పర్యావరణవాదులు కాదు. బొగ్గు పెరుగుతుండగానే ఉద్యోగాలు పోయాయి.

ఇల్లెందుకు వెళ్లి చూడండి. బొగ్గుట్ట అని పిలుచుకున్న ఊరు, సింగరేణి పుట్టిన నేల. బాయిలు మూతపడ్డాక కార్మికులు బదిలీల మీద వెళ్లిపోయారు, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. జీతాల రోజు మీద ఆశతో ఖాతా పుస్తకం నడిపిన కిరాణా కొట్టాయనకు మాత్రం బదిలీ లేదు. హోటల్లో టీ కాసేవాడికీ లేదు. వాళ్లు ఏ లెక్కలోనూ లేరు.

డబ్బు లేదంటారా? 2010లో టన్ను బొగ్గుపై 50 రూపాయల క్లీన్ ఎనర్జీ సెస్సు వేశారు. 2016కి అది 400 అయింది. 2017లో ఆ సెస్సును తీసేసి, అదే 400ను జీఎస్టీ పరిహారం కింద వసూలు చేసి రాష్ట్రాలకు పంచారు. బొగ్గు ప్రాంతాల భవిష్యత్తుకు దక్కాల్సిన డబ్బది. జర్మనీ 2020లో బొగ్గు మానేసే చట్టం చేస్తూనే, బొగ్గు ప్రాంతాల కోసం 4,000 కోట్ల యూరోల దాకా పక్కన పెట్టింది. మనకా మాత్రం బుద్ధి లేకపోయింది.

సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. లాభాలప్పుడు ఇద్దరూ యజమానులే, బాధ్యత దగ్గర ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. 2024 దసరాకు పర్మినెంట్ కార్మికులకు సగటున 1.90 లక్షల లాభాల వాటా ఇచ్చి, కాంట్రాక్టు కార్మికులకు 5 వేలు ఇచ్చారు. అదీ మొదటిసారని గొప్పగా చెప్పుకున్నారు. అదే దుమ్ము, అవే పేలుళ్లు, అవే ఊపిరితిత్తులు! గని మూసేనాడు వీళ్లకు కారుణ్య నియామకం లేదు, బదిలీ లేదు, రికార్డుల్లో సరైన పేరైనా ఉంటుందన్న నమ్మకం లేదు.

అందుకే చట్టం కావాలి. ఏ గని ఏ ఏడు మూస్తారో ముందే ప్రకటించాలి. కాంట్రాక్టు కార్మికులనూ ఆ చట్టంలో చేర్చాలి. పదేళ్ల ముందు నుంచే ఆ ఊరికి వేరే పని తేవాలి. కొత్త గని తెస్తానంటూ ఓటుకొచ్చే ప్రతి నాయకుణ్నీ నిలబెట్టి అడగండి: ఈ గని మూసేదెప్పుడు, ఆ మర్నాడు డంపర్ నడిపేవాడి ఇంటికి జీతం ఎవరిస్తారు?