కోశాధికారి కబుర్లు: బీరువా డబ్బులు



మన సంఘాల్లో అధ్యక్ష పదవికి పోటీ ఉంటుంది. సాంస్కృతిక కార్యదర్శి పదవికి పోటీ లేకపోయినా ఉత్సాహం ఉంటుంది. కోశాధికారి మాట వచ్చేసరికి మాత్రం అందరి ఫోన్లూ ఒక్కసారే మోగుతాయి. 2017 చివర్లో మా ఊరి సర్వసభ్య సమావేశంలోనూ అలాగే మోగాయి. నా ఫోను ఇంట్లో మరిచిపోయాను. అలా కోశాధికారినయ్యాను.

మాది అమెరికా మిడ్‌వెస్ట్‌లో చిన్న ఊరు. నూట నలభై తెలుగు కుటుంబాలుంటాయి. నాకు అప్పజెప్పిన ఆస్తి ఒక చెక్కు పుస్తకం, చెప్పుల డబ్బా నిండా రసీదులు. "మనలో మనకి లెక్కలేమిటండీ, అంతా మనవాళ్ళేగా" అన్నారు నా ముందాయన. ఆయన చాలా మంచి మనిషి. రసీదు దొరకని ఖర్చులు సొంత జేబులోంచి పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. లెక్క లేకపోతే నష్టపోయేది ముందు మంచివాళ్ళేనని నాకు అప్పుడే అర్థమైంది.

2019 దసరా సంబరాల్లో ఆంధ్రాలోని ఒక పల్లెటూరి బడికి గ్రంథాలయం కోసం విరాళాలు అడిగాం. ఆరువేల డాలర్లు వచ్చాయి. కొడుకు దగ్గరికి చూపుగా వచ్చిన ఒక మామ్మగారు కొంగున ముడేసుకున్న నోట్లు విప్పి నూట పదహారు డాలర్లు నా చేతిలో పెట్టారు. "పుస్తకాలు ఎవరైనా ఇస్తారు నాయనా, బీరువా లేకపోతే చెదలు తినేస్తాయి. ఇది బీరువాకి" అన్నారు. రసీదు మీద అలాగే రాసిచ్చాను.

తర్వాత 2020 మార్చి వచ్చింది. ఉగాది 25న. మేం వేడుక 28, శనివారం పెట్టుకున్నాం. డెబ్భై కుటుంబాలు కుటుంబానికి డెబ్భై డాలర్ల చొప్పున టిక్కెట్లు కొన్నాయి. అంటే 4,900 డాలర్లు. కోవిడ్ వల్ల వేడుక రద్దయింది. వంటవాళ్ళకిచ్చిన బయానా తిరిగి రాదన్నారు. వాళ్ళ వ్యాపారమూ మూతపడింది, గట్టిగా అడగడానికి మనసొప్పలేదు.

బ్యాంకులో 11,200 డాలర్లున్నాయి. చూడ్డానికి దండిగానే ఉంది. కానీ అందులో ఆరువేలు గ్రంథాలయానివి. మిగిలిన 5,200లో టిక్కెట్ల సొమ్ము వెనక్కిస్తే చేతిలో ఉండేది మూడువందలు. ఏప్రిల్‌లో కట్టాల్సిన బీమా ఆరువందల యాభై. మూడువందల యాభై తక్కువ.

ఆ రాత్రి కార్యవర్గం ఫోనులో కలిసింది. "గ్రంథాలయం డబ్బులోంచి ఒక వెయ్యి వాడదాం, దీపావళికల్లా పెట్టేద్దాం" అన్నారొకరు. తప్పుడు ఉద్దేశం ఎవరికీ లేదు. నిజం చెప్పొద్దూ, నేను కూడా సరేనందామనుకున్నాను. ఆ దీపావళి జరుగుతుందో లేదో ఎవరికీ తెలియదని మాత్రం ఎవరమూ అనలేదు.

నన్ను ఆపింది మా అమ్మ ముడుపు. మా ఇంట్లో దేవుడి గూట్లో పసుపు గుడ్డలో ఏడుకొండలవాడి ముడుపు ఉండేది. పాలవాడికి ఇవ్వడానికి పోపుల డబ్బా అడుగు గీకిన రోజున కూడా అమ్మ ఆ ముడి విప్పలేదు. ఒక పనికని చెప్పి తీసుకున్న విరాళం ముడుపు లాంటిదే. ఇక్కడి చట్టం చెప్పేదీ అంతే: ఏ పనికని ఇచ్చారో ఆ పనికే వాడాలి. "ఇది బీరువా డబ్బండీ, బీమా డబ్బు కాదు" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు డెబ్భై కుటుంబాలకీ ఉన్నదున్నట్టు లెక్క రాసి పంపాం. ఎంత ఉంది, అందులో మనది ఎంత, బయానా ఎంత పోయింది, అన్నీ. టిక్కెట్టు సొమ్ము వెనక్కి కావాలా, సంఘానికి విరాళంగా వదిలేస్తారా అని అడిగాం. నలభై ఒక్క కుటుంబాలు వదిలేశాయి. ఇరవై తొమ్మిది వెనక్కి తీసుకున్నాయి. వాళ్ళలో ఉద్యోగాలు పోయినవాళ్ళున్నారు, వాళ్ళకి అందరికంటే ముందు చెక్కులు పంపాం. బీమా కట్టాక కూడా 2,520 మిగిలింది. లెక్క దాచి అప్పు చేసుంటే ఆ నలభై ఒక్క కుటుంబాల మంచితనం మాకు తెలిసేదే కాదు.

అప్పటినుంచి మా సంఘంలో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. స్టాల్లో వచ్చిన నగదు ఇద్దరు కలిసి అక్కడే లెక్కపెట్టి సంతకం చేస్తారు. ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు కాకూడదు. ఎవరికి రావలసిన చెక్కు మీద వాళ్ళు సంతకం పెట్టకూడదు. నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంటు చెక్కులు రాయని మనిషి చూస్తారు. 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన ప్రతివారికీ, ప్రతిఫలంగా వాళ్ళకేమైనా ఇచ్చామా లేదా అన్నది కూడా రాసి, రసీదు పంపుతాం.

ఇంకో ముఖ్య విషయం. 501(సి)(3) సంస్థ ఏడాది రాబడి మామూలుగా యాభైవేల డాలర్లు మించకపోతే, ఐఆర్ఎస్‌కి 990-ఎన్ అనే చిన్న ఈ-పోస్టుకార్డు పంపితే చాలు. జనవరి నుంచి డిసెంబరు లెక్క పాటించేవారికి గడువు మే 15. పది నిమిషాల పని. కానీ వరుసగా మూడేళ్ళు మరిచిపోతే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. 2006లో వచ్చిన చట్టం ఇది. 2011లో మొదటి జాబితా వెలువడినప్పుడు అందులో దాదాపు 2,75,000 సంస్థలున్నాయి. కార్యవర్గం మారినప్పుడల్లా దండలతో పాటు ఈ తేదీ కూడా అప్పజెప్పండి.

పిల్లలూ, మీకో లెక్క. ఒక సంఘం విందు టిక్కెట్టు వంద డాలర్లు. ఆ భోజనం విలువ నలభై డాలర్లు. మీ నాన్నగారు పన్నుల్లో ఎంత విరాళంగా చూపించుకోవచ్చు? వంద అన్నవాళ్ళు నా ముందాయన జట్టు. అరవై అన్నవాళ్ళు వచ్చే ఏడాది కోశాధికారులు! టిక్కెట్టు డెబ్భై అయిదు డాలర్లు దాటితే ఈ వివరం సంఘమే రాసివ్వాలి.

ఇంతకీ బీరువా ఏమైంది? ఇండియాకి విరాళం పంపాలంటే అక్కడ తీసుకునే సంస్థకి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి. 2020లో ఆ చట్టాన్ని సవరించారు. ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోకే రావాలి. తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు, పని తనే చేయాలి. మేం ఎంచుకున్న సంస్థ ఆ ఖాతా తెరిచి, కాగితాలన్నీ సరిచూసుకునేసరికి 2022 వచ్చింది. అన్నాళ్ళూ ఆ ఆరువేలూ మా లెక్కలో వేరే వరుసలో కదలకుండా కూర్చున్నాయి. ప్రతి సమావేశంలోనూ ఆ వరుస పైకి చదివేవాణ్ణి. మొదట్లో నవ్వేవారు, తర్వాత నేను మరిచిపోతే వాళ్ళే గుర్తుచేసేవారు.

బడిలో బీరువా పెట్టిన రోజు ఫోటో వచ్చింది. పచ్చరంగు ఇనప బీరువా, దాని ముందు నిలబడ్డ పిల్లలు. మామ్మగారి అబ్బాయికి పంపాను. ఆవిడ అప్పటికి ఇండియాలోనే ఉన్నారు. సాయంత్రం ఆవిడే ఫోను చేశారు. బాగుందంటారేమో అనుకున్నాను.

"బీరువాకి తాళం ఉందా నాయనా?"

"ఉందండీ మామ్మగారూ."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"ఒకటి హెడ్మాస్టారి దగ్గర, ఇంకోటి లెక్కల టీచరమ్మ దగ్గర."

"అయితే సరే" అన్నారు.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. ఈలోగా మీ సంఘం కోశాధికారి కనిపిస్తే లెక్కలు అడగండి. అడిగితే కోపం రాదండీ, ఒక్కరైనా అడిగారని సంతోషిస్తాం.