కోడి బరువు ఎవరు తూచారు?

నాటుకోడి కూరకు రావాలంటే ఐదారు నెలలు ఆగాలి. ఫారం కోడి 40 రోజులకే 2 కిలోలు తూగుతుంది. ‘హార్మోన్ ఇంజెక్షన్లు పొడుస్తారట’ అని చికెన్ కొట్టు దగ్గర ఎవరో ఒకరు అంటారు. పక్కవాళ్లు తలూపుతారు. ఆ మాట విన్నాక, ఎదిగే ఆడపిల్లలున్న తల్లి ముక్కలు వడ్డించడానికి జంకుతుంది.

ఈ అనుమానానికి జవాబు 2014లోనే అచ్చయింది. వేసిన పత్రిక పేరు ‘పౌల్ట్రీ సైన్స్’. అమెరికాలోని కోళ్ల శాస్త్రవేత్తల సంఘం నడిపే పత్రిక అది. సంఘం పుట్టింది 1908లో, పత్రికకు ఈ పేరు వచ్చింది 1921లో. కోళ్లు, టర్కీలు, బాతులు, వాటి మేత, వాటి జబ్బులు, గుడ్డు పెంకు మందం... ఇవే అందులోని కబుర్లు. సినిమా పేజీ లేకుండానే వందేళ్లు దాటి నడుస్తోంది!

కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో 1957 నాటి కోడి రకాన్నీ, 1978 నాటి రకాన్నీ మార్పు చేయకుండా అలాగే పెంచుకుంటూ వచ్చారు. వాటినీ 2005 నాటి ఫారం కోళ్లనూ ఒకేసారి పెంచి, మూడింటికీ ఒకే మేత వేశారు. 56 రోజులకు తూస్తే 1957 రకం 905 గ్రాములు, 1978 రకం 1,808 గ్రాములు, 2005 రకం 4,202 గ్రాములు. మేత ఒకటే, వయసు ఒకటే. తేడా పుట్టుకలో ఉంది. బాగా పెరిగే పుంజునూ పెట్టనూ తరం తర్వాత తరం ఏరుకుంటూ రావడం వల్ల వచ్చిన బరువది. ఆ మాటకొస్తే, పెరుగుదల హార్మోన్‌ను మేతలో కలిపితే కడుపులోనే అరిగిపోతుంది. వేల కోళ్లకు రోజూ సూదులు పొడిపించాలంటే కూలి డబ్బులకే రైతు మునుగుతాడు. (యాంటీబయాటిక్స్ సంగతి వేరు. అక్కడ భయపడాల్సిందే. కోలిస్టిన్ మందును కోళ్లకు వాడకుండా మన ప్రభుత్వమే 2019లో నిషేధించింది.)

ఇలాంటి మాట ఆ పత్రికలో అచ్చు కావడం తేలిక కాదు. వ్యాసం అందగానే సంపాదకుడు దాన్ని ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపుతాడు. వాళ్లకు పైసా ముట్టదు. సొంత పని ముగించుకుని, రాత్రిపూట కూర్చుని తప్పులు పట్టాలి.

వాళ్లు మొదట అడిగేది కోళ్లెన్ని అని కాదు, గదులెన్ని అని. షెడ్డులో ఒక గదిలోని 40 కోళ్లకు కొత్త మేత, పక్క గదిలోని 40 కోళ్లకు పాత మేత వేసి, ‘40 కోళ్ల మీద పరీక్షించాం’ అంటే కుదరదు. గొప్ప మేతది కాక ఆ గదిలో ఆడే గాలిది కావచ్చు కదా! ఒకే గిన్నెలో పప్పు తిన్న ఐదుగురూ ఉప్పెక్కువైందంటే అవి ఐదు సాక్ష్యాలు కావు, ఆ ఒక్క గిన్నె సంగతి. ఇదీ అంతే. అందుకే ఒక్కో మేతకు అరడజనో, ఇంకా ఎక్కువో గదులు పెట్టి మళ్లీ చేయమంటారు. అంటే మళ్లీ కోడిపిల్లలు కొనాలి, మళ్లీ ఆరు వారాలు మేపాలి. విద్యార్థికి ఏడుపొస్తుంది. రానివ్వండి. రేపు ఆ వ్యాసం చూపించే ఎవరో మేతలో కలిపే పొడి బస్తాలు అమ్ముతారు. తణుకులోనో షాద్‌నగర్‌లోనో రైతు అప్పు చేసి కొంటాడు.

పరీక్షకు కంపెనీ డబ్బిస్తే ఆ ముక్క వ్యాసంలో రాసి తీరాలి. ‘ఈ మందు వల్ల లాభం కనిపించలేదు’ అనే వ్యాసాన్ని చప్పగా ఉందని పక్కన పడేయని సంపాదకుడే నా దృష్టిలో మంచి సంపాదకుడు.

2020 నుంచి ఈ పత్రికను ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. మంచిదే. కానీ ఖర్చు రాసేవాళ్ల మీద పడుతుంది. ఒక్క వ్యాసానికి మన లెక్కలో లక్ష రూపాయలు దాటుతుంది. వనరాజా, గ్రామప్రియ కోళ్లను తయారుచేసిన రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ వాళ్లయినా, తిరుపతి వెటర్నరీ కాలేజీ పీహెచ్‌డీ కుర్రాడైనా ప్రాజెక్టులో డబ్బుంటేనే అటు చూడాలి. లేకపోతే మన శాస్త్రవేత్తల సంఘం నడిపే ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ పౌల్ట్రీ సైన్స్’ ఉంది. ఇవి కాక, నాలుగు వేలు పంపితే నాలుగు రోజుల్లో, ఎవరూ చదవకుండానే అచ్చేసే జర్నళ్లూ ఉన్నాయి. గదులెన్ని అని అక్కడ ఎవరూ అడగరు.