తుపాకికి లైటు బిగిద్దామా? వద్దు!



మొక్కజొన్న కంకి పాలు పట్టిందంటే మనకు నిద్ర ఉండదు. వేరుశెనగ ఊడలు దిగితే ఇక చెప్పేదేముంది? ఒక్క రాత్రి అడవి పందుల మంద పడితే తెల్లారేసరికి చేను దున్నేసినట్టుంటుంది. నేనూ ముప్పై ఏళ్లుగా మంచె మీద కాపలా పడుకుంటున్నవాణ్ణే. అందుకే మొన్న మన సంఘం సమావేశంలో కుర్ర రైతులు "తుపాకికి లైటు బిగించుకుంటే తప్పేంటి?" అని అడిగితే నాకు కోపం రాలేదు. కానీ నా జవాబు ఒక్కటే: వద్దు.

వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. తుపాకికి రెండు చేతులూ కావాలి, మరి టార్చి ఎవరు పట్టుకోవాలి? చీకట్లో గుడ్డిగా కాల్చడం ఇంకా ప్రమాదం కదా? నిజమే. కానీ లైటు తుపాకికే ఉంటే, ఏం కదిలిందో చూడాలన్నా తుపాకినే అటు తిప్పాలి. అక్కడున్నది పందో మనిషో తెలియకముందే గొట్టం అటు చూస్తుంటుంది. కాపలా వాడి కళ్లలో నిద్ర, వేలు ట్రిగ్గరు మీద.

రాత్రిపూట మన చేలల్లో ఎవరుంటారు? మడవ మార్చే రైతు, గొర్రెల మంద దగ్గర గొంగడి కప్పుకున్న కాపరి. రెండేళ్ల కింద గొంగడి కప్పుకుని, వంగి మడవ తిప్పుతున్న నా మీద ఒక్కసారిగా వెలుగు పడింది. సైకిల్ ట్యూబుతో తుపాకికి కట్టిన టార్చి అది. "ఎవరది?" అన్నాడు పక్క చేను ఆయన. లైటూ గొట్టమూ రెండూ నా గుండెకు ఎదురుగానే ఉన్నాయి. ఆయన చెడ్డవాడు కాదు, నాకు వరసకు బావ. ఆ బురదలో ఆయన కాలు జారితే చాలు, ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేనుండేవాణ్ణి కాదు. రైఫిల్ అయితే చెప్పనే అక్కర్లేదు. దాని తూటా గురి తప్పితే కిలోమీటరు అవతలి మనిషి ప్రాణమైనా తీయగలదు.

ఇంకో మాట. 1959 ఆయుధాల చట్టం కింద పంట కాపాడుకోవడానికి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇస్తారు. అది పందిని చంపడానికి అనుమతి కాదు. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ ప్రకారం దానికి విడిగా, రాతపూర్వకంగా ఉత్తర్వు ఉండాలి. అది లేకుండా కాలిస్తే పంట పోయిన రైతే ముద్దాయి అవుతాడు.

కాబట్టి ఉత్తర్వు చేతిలో ఉన్నవాళ్లు కూడా ఇద్దరుగా వెళ్లండి. ఒకరు టార్చి పట్టాలి. పంది అని తేలేదాకా రెండోవాడి తుపాకి గొట్టం నేలనే చూడాలి. తోడు లేని రాత్రి డబ్బా కొట్టండి, కేకలేయండి, తుపాకి ముట్టొద్దు. కంచెకు కరెంటు తీగ అసలే వద్దు. ఆ తీగలకు పందులకన్నా ముందు మన మనుషులే బలైన ఊళ్లున్నాయి.

అసలు ప్రశ్న లైటుది కాదు. పగలంతా చేనులో చాకిరీ చేసిన రైతు రాత్రి తుపాకి పట్టుకుని ఎందుకు కూర్చోవాలి? పంట ఉండగానే అనుమతి రావాలి. శిక్షణ ఉన్న షూటర్లను ప్రభుత్వమే పంపాలి. సోలార్ కంచెకు పూర్తి రాయితీ, పోయిన పంటకు ఆ సీజన్‌లోనే పరిహారం ఇవ్వాలి. లైటు కొనే డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఊరంతా కలిసి అర్జీ పట్టుకుని అటవీ రేంజి ఆఫీసుకు పోదాం. సమాధానం వచ్చేదాకా అక్కడే కూర్చుందాం.