కార్తెలు – క్రీడలు

మన పంచాంగకర్తలు విత్తడానికీ, పెళ్ళికీ, ప్రయాణానికీ ముహూర్తాలు రాశారు గాని, బంతాటకు ముహూర్తం రాయలేదు. ఆ సంగతి పిల్లలకే బాగా తెలుసునని వారి ధీమా కాబోలు.

నిజంగా తెలుసును కూడా. వానాకాలంలో అరుగుల మీద వామనగుంటలు, అచ్చనగాయలు, పులిజూదం. సంక్రాంతి రోజుల్లో, ఎండ ఒంటికి హాయిగా వున్నప్పుడు, గోళీలూ బిళ్ళంగోడూ. వేసవిలో పగలంతా నీడపట్టున వుండి, వెన్నెల రాత్రుల్లో చెడుగుడు. ఆకాశం ఏ ఆటకు సెలవిస్తే ఆ ఆటే ఆడేవారు.

క్రికెట్టు వచ్చాక వచ్చింది చిక్కు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని వేసవిలో ఆడతారు. వాళ్ళ వేసవి మన పుష్యమాసపు తెల్లవారుజాము వంటిది మరి! మన దేశంలోని పెద్దలు యీ తేడా గ్రహించి రంజీ ట్రోఫీ పోటీలు చలికాలంలో పెట్టుకున్నారు. మన పల్లెల్లో టోర్నమెంట్లు మాత్రం ఏప్రిల్, మే నెలల్లోనే.

పాలకొల్లు ప్రాంతంలో యిందుకు సెలవులొక్కటే కారణం కాదు. మాది కాలవల నేల. సార్వా పంట యింటికి చేరీ చేరకముందే దాళ్వాకు నీళ్ళు పెడతారు. దాళ్వా కోతలై, కాలవలు కట్టేసిన తరవాత గాని చేలో ఆటకు చోటుండదు. కొన్ని చేలు చేపల చెరువులయ్యాక ఆ చోటు మరీ తగ్గింది. అంటే పిల్లలకు మైదానం దొరికే రోజులూ, సూర్యుడు నిప్పులు చెరిగే రోజులూ ఒకటేనన్నమాట. అప్పటికి నల్లమట్టి నెర్రెలు విచ్చి వుంటుంది. పడిన బంతి ఏ పక్కకు లేస్తుందో బ్రహ్మకు తెలియదు. మృగశిర రాగానే ఆ మట్టే బంకయి, బంతిని పట్టుకుని వదలదు.

వాన ఆటను చెడగొడితే లోకమంతా చెప్పుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 14న అక్కడ జరగవలసిన భారత్–వెస్టిండీస్ వన్‌డే రద్దయింది. 2017 అక్టోబరు 13న హైదరాబాదులో భారత్–ఆస్ట్రేలియా ట్వంటీ20 పోటీ ఒక్క బంతయినా పడకుండానే ముగిసింది. అంతకు ముందు కురిసిన వానలకు మైదానం ఆరలేదు. 1992 ప్రపంచకప్పు సెమీఫైనలులో, సిడ్నీలో, దక్షిణాఫ్రికాకు 13 బంతుల్లో 22 పరుగులు కావలసి వుండగా వాన వచ్చింది. వాన వెలిశాక ఒక్క బంతికి 21 పరుగులు చెయ్యమన్నారు! ఆ అన్యాయం చూశాకనే డక్‌వర్త్, లూయిస్ అనే యిద్దరి లెక్క 1997 నుంచి వాడుకలోకి వచ్చింది.

వానకు లెక్క కట్టారు, బాగుంది. ఎండకో? వాన పడితే అంపైరు ఆట ఆపుతాడు. ఎండ మండితే మన వూళ్ళలో ఎవరూ ఆపరు.

మా వీధిలోని ఒక పెద్దాయనతో యీ మాటే అంటే, "మేం ఎండలో తిరగలేదూ? మా కేమయింది?" అన్నారు.

"తిరిగారు, బాబాయిగారూ. కాని మీ చెడుగుడు వెన్నెల్లో కదా?" అన్నాను.

"అదీ నిజమేనోయ్" అని నవ్వేశారు.

మన ఒంటిని చల్లబరిచేది చెమట. కారినంత మాత్రాన చాలదు, ఆరాలి. సముద్రం దగ్గరున్న మా డెల్టాలో గాలి నిండా తేమే. చొక్కా తడుస్తుంది గాని ఒంటి వేడి తగ్గదు. అందుచేత రాయలసీమలో కన్న యిక్కడ ఎండ తక్కువని ధర్మామీటరు చెప్పినా నమ్మరాదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా పోయారు.

ఆటలు మానమని నేననను. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపవచ్చు. మళ్ళీ సాయంత్రం అయిదుకు ఆడవచ్చు. లక్షలు గడించే ఐ.పి.ఎల్. ఆటగాళ్ళే చాలా మ్యాచ్‌లు రాత్రి ఏడున్నరకు మొదలుపెడుతుంటే, మన కుర్రాళ్ళకు మిట్టమధ్యాహ్నపు ఫైనలు దేనికి? గట్టు మీద కుండెడు నీళ్ళూ, ఉప్పు వేసిన మజ్జిగా వుండాలి. ఆడే కుర్రాడు తూలినా, మాట తడబడినా, "నాటకాలాడుతున్నా" డనకుండా నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఉరుము వినపడితే చేను వదలాలి. తాడిచెట్టు కింద మాత్రం నిలబడకూడదు.

వచ్చే వేసవిలో కుర్రాళ్ళు రసీదు పుస్తకం పట్టుకుని మీ గుమ్మంలోకి వస్తారు. చందా తప్పక యివ్వండి. యిచ్చేముందు ఫైనలు ఎన్ని గంటలకో ఒక్కమాట అడగండి.