లెక్క సరిపోతే చాలునా?

ప్రోగ్రాం నడిచి, జవాబు సరిగా వస్తే పని అయిపోయిందనుకునేవారే ఎక్కువ. ఆ జవాబును చదివేదెవరని అడిగేవారు తక్కువ. మా అభిప్రాయం ఏమిటంటే, చదవలేని అంకె సగం జవాబే.

2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షలకు, రెండవది 5.69 లక్షలకు ఇస్తారు. వీటినే తెరమీద 1143000, 397000 అని చూడండి. వేలుపెట్టి సున్నాలు లెక్కపెట్టుకోవాలి. 11,43,000 అని ఉంటే హనుమాన్ జంక్షన్ సెంటర్లో బస్సు కోసం నిలబడ్డవారికైనా ఒక్క చూపులో తెలుస్తుంది. గేదెలను విప్పుకుని గట్టెక్కాలా, వద్దా అని చూసే లంక రైతుకు ఆ ఒక్క చూపే ముఖ్యం.

ఇక్కడే ఒక చిక్కుంది. పైథాన్‌ను కామాలు పెట్టమంటే 1,143,000 అని ఇస్తుంది. అది మిలియన్ల పద్ధతి. మన జంక్షన్‌లో ధాన్యం డబ్బు మిలియన్లలో చెప్పేవారెవరు? మనది కుడివైపు మూడంకెలు, ఆపైన రెండేసి. జావాస్క్రిప్టులో 'టు లొకేల్ స్ట్రింగ్' వాడి, భారతదేశపు ఇంగ్లీషు అని చెబితే మన పద్ధతిలోనే వస్తుంది. పైథాన్‌లో చిన్న ఫంక్షన్ సొంతంగా రాసుకోవచ్చు. చివరి మూడంకెలు పక్కన పెట్టి, మిగిలినవి కుడినుంచి రెండేసి విడగొట్టడమే. లూపులు నేర్చుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంతకన్నా మంచి అభ్యాసం ఏముంటుంది!

కోడ్ లోపల రాసే సంఖ్యలకూ ఉపాయముంది. అంకెల మధ్య అండర్‌స్కోరును జావా 2011 నుంచి, పైథాన్ 2016 నుంచి ఒప్పుకుంటున్నాయి. 11_43_000 అని రాసినా యంత్రానికి తేడా లేదు. రేపు ఆ ప్రోగ్రాం దిద్దే జూనియర్‌కు మాత్రం కళ్లు నొప్పి పుట్టవు.

అలాగని అన్నిచోట్లా కామాలు చల్లకూడదు. కామాలతో గడులు విడదీసే ఫైలులో 11,43,000 అని ఊరికే రాస్తే మూడు గడులైపోతుంది. చూపించేటప్పుడే పెట్టాలి. ఫోన్ నంబరుకు, హాల్ టికెట్ నంబరుకు అసలు వద్దు. అవి పేర్లవంటివి, వాటిని ఎవరూ కూడరు.

ఇది చిన్న విషయమని కొందరనవచ్చు. మా ఇళ్లలో పెద్దలు కూలి డబ్బులు, మా ఉపకార వేతనాలు ఇప్పుడు ఫోనులోనే చూసుకుంటున్నారు. 6400కీ 64000కీ తేడా పోల్చుకోలేక పక్కింటివారికి ఫోను చూపించి అడగవలసి రావడం వారికి చిన్న విషయం కాదు. అందుకే మాస్టార్లకు మా మనవి: ల్యాబ్ పరీక్షలో సరైన జవాబుకు మార్కులు వేసేటప్పుడు, దాన్ని చదివేలా చూపించినందుకు కూడా రెండు మార్కులు కేటాయించండి.